వెండి గిన్నెలోని వగరు

ఏలవరం రాజు సోమనరేంద్రుడికి ఒకనాటి పొద్దున అద్దంలో తెల్లవెంట్రుక కనబడింది. ఇంకేముంది, నూరేళ్లూ కుర్రవాడిలా ఉండే మందు కావాలని పట్టుపట్టి కూర్చున్నాడు.

ఆస్థాన వైద్యుడు అహోబల భట్టు ఇలాంటి అదను కోసమే కాచుకుని ఉన్నాడు.

"ప్రభూ, ద్రాక్ష గింజను మించిన మందు లేదు. అయితే కాయ పచ్చిగా ఉన్నప్పుడే గింజలో సారమంతా ఉంటుంది. దోరబడితే సగం పోయినట్టే. పండిందా, మిగిలేది పొట్టు" అన్నాడు.

మర్నాటి నుంచే వైద్యం మొదలైంది. పచ్చి గింజల పొడిని నీళ్లలో కలిపి వెండి గిన్నెలో రాజుకిచ్చేవాడు. మజ్జిగ చెంబులోకి ఒంపుకుని తాగుతానని రాజు బతిమాలితే, భట్టు కళ్లెర్రజేశాడు. కలిపిన మందును గిన్నె మారిస్తే సారం చచ్చిపోతుందట.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. రాజు తాగే మందు ముందు వైద్యుడు తాగాలి. తాగి, ఆశీర్వచన శ్లోకం గట్టిగా చదవాలి. అప్పుడే రాజు గిన్నె ఎత్తాలి.

భట్టు తన రాగి గిన్నె గటగటా ఖాళీ చేసి, కంచు కంఠంతో శ్లోకం చదివేవాడు. తరవాత రాజు తాగేవాడు. ఆ వగరుకు పెదాలు రెండూ లోపలికి పోయి, నాలుక మొద్దుబారి, మధ్యాహ్నం దాకా సైగలతోనే తీర్పులు చెప్పేవాడు. ఎద్దు తప్పిపోయిందని ఒక రైతు మొరపెట్టుకుంటే రాజు చెయ్యి ఊపాడు. మంత్రి ఆ సైగ చూసి, రైతుకు మళ్లీ పెళ్లి చేయమన్నారనుకున్నాడు. ఆ రైతు పెళ్లాం మంత్రి ఇంటి ముందుకొచ్చి చేసిన గొడవ ఊరంతా చెప్పుకుంది.

ఇంతటితో ఆగితే భట్టు ఎందుకవుతాడు? ఒకరోజు రాజు నోరు మెదపలేని వేళ చూసి లేచాడు.

"ప్రభూ, ఏడాది పొడుగునా మందు ఉండాలంటే రాజతోటలో ద్రాక్ష అంతా రేపే పచ్చిగా కోయించాలి. ఈ మందు కనిపెట్టినందుకు నాకు ద్రాక్షా ధన్వంతరి అని బిరుదిప్పిస్తే చాలు."

రాజు తల ఊపాడు. పాపం, ఇంకేం చేయగలడు?

సభ గుండె జారిపోయింది. ఏటా ద్రాక్ష పండగానే రాజతోట తలుపులు ఊరందరికీ తీస్తారు. పిల్లా ముసలీ కడుపు నిండా తిని ఇళ్లకు పోతారు. పేదవాడి నోటికి ద్రాక్ష తగిలేది ఆ ఒక్కరోజే.

కొలువులో కబుర్లు చెప్పి కడుపు నింపుకునే తిప్పన లేచాడు. ఎవరికీ రాని కోపం వాడికొచ్చింది.

"ప్రభూ, రేపు తోటలో కత్తి పడేలోగా పండు గింజ మంచిదని భట్టుగారి నోటితోనే అనిపిస్తాను. అనిపించలేకపోతే మీసం తీయించుకుని ఊరు విడిచిపోతాను."

భట్టు నవ్వాడు. "అయితే మంగలిని నేనే పిలిపిస్తాలే తిప్పనా" అన్నాడు.

అన్నట్టే మర్నాడు సభ గుమ్మంలో మంగలి కూర్చుని కత్తి నూరుతున్నాడు. భట్టు పళ్లెంలో రెండు గిన్నెలూ తెచ్చి పెట్టాడు. తిప్పన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, మీ ఆయుష్షు పెంచే మహానుభావుడికి రాగి గిన్నె ఏమిటి? బిరుదిచ్చే రోజైనా మీ వెండి గిన్నెలో తాగనివ్వండి. ఈ పూటకు మీరు రాగి గిన్నె పుచ్చుకుంటే సరిపోతుంది."

"బాగుందయ్యా. అలాగే కానీ" అన్నాడు రాజు.

భట్టు ముఖం పూరీలా పొంగింది. మరుక్షణమే చప్పబడిపోయింది. "ప్రభూ, అంత గౌరవానికి నేను తగను" అని నసిగాడు.

"తగరని అన్నవాడి నాలుక కోయించనూ?" అన్నాడు రాజు.

"పోనీ, నా గిన్నెలోది ఇందులోకి ఒంపుకుంటాను."

తిప్పన వినయంగా అడ్డొచ్చాడు.

"గిన్నె మారిస్తే సారం చచ్చిపోదూ, భట్టుగారూ?"

భట్టు కళ్లు మూసుకుని వెండి గిన్నె ఎత్తాడు. తాగాడు. పెదాలు లోపలికి పోయాయి, బుగ్గలు అతుక్కున్నాయి. శ్లోకం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు అటూ ఇటూ చూశాడు.

రాజు కాసేపు ఓపిక పట్టి, ఉండబట్టలేక రాగి గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఇదేమిటి, వేయించిన నువ్వుల్లా కమ్మగా ఉంది?"

"నిరుటి పండు గింజ ప్రభూ" అన్నాడు తిప్పన. " ఒకే మందు తాగితే మీ నోరు మూతపడి, ఆయన నోట శ్లోకం ఎలా పలుకుతోందని అనుమానమొచ్చి, నిన్న రాగి గిన్నె అడుగు చూశాను. పచ్చి గింజ పొడి పాలిపోయి ఉంటుంది. అడుగున మిగిలింది మాత్రం ముదురు గోధుమ రంగు, అచ్చంగా పండిన గింజ రంగు."

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. తిప్పన భట్టు వైపు తిరిగాడు.

"అయ్యా, ఇన్నాళ్లూ మీరు తాగింది మందా, కాదా? కాదంటే ఆచారం తప్పి ప్రభువును మోసగించినట్టు, చెరసాలకు నడవండి. మందే అంటే పండు గింజలోనూ గుణం ఉన్నట్టు, తోట కోయక్కర్లేదు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. భట్టు మొద్దు నాలుకను కూడదీసుకున్నాడు.

"బండు గింజ... బంచిదే."

సభ పగలబడి నవ్వింది. రాజు కోపం కూడా ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

"మరి పచ్చి గింజ సంగతి అబద్ధమేనా?" అని అడిగాడు.

"కాదు ప్రభూ. భట్టుగారి చదువుకు వంక లేదు. పచ్చి గింజలో సారం ఎక్కువే, వగరూ ఎక్కువే. పండాక తగ్గుతుంది కానీ బొత్తిగా పోదు. అయినా గుత్తులు బలపడడానికి తోటమాలులు ఏటా కొన్ని పచ్చికాయలు గిల్లి పారేస్తూనే ఉంటారు. మందుకు అవి చాలవూ?"

"చాలు. ఆ మందు నాకొద్దు, నా తెల్లవెంట్రుక నాకుండనీ. ఇక ఆ వెండి గిన్నె భట్టుగారిదే. రోజూ మా ఎదుటే నిండా తాగాలి. తిప్పనా, ఈ ఏడు తోటలో మొదటి గుత్తి నీది. తలుపులు తీసేదీ నువ్వే. ఇంకేం కావాలో కోరుకో."

తిప్పన మీసం దువ్వుకుంటూ గుమ్మం వైపు చూశాడు.

"ఆ మంగలిని ఇంటికి పంపించండి ప్రభూ. పొద్దుటి నుంచీ నా మూతి వంకే చూస్తున్నాడు."

ఆ మాటకు భట్టుకూ నవ్వొచ్చింది, కానీ నోరు తెరుచుకోలేదు.