గెలవకముందే అమ్మిన బహుమానం

ఒకానొక సముద్రతీర రాజ్యంలో, వర్తకుల తరఫున రాజుగారి కొలువులో మాట్లాడి పొట్టపోసుకునే మల్లిభట్టు అనేవాడు ఒకడుండేవాడు. ఆ మల్లిభట్టును నేనే. చట్టం ఏదైనా వస్తోందంటే చాలు, వర్తకులు నాకు కబురు పంపేవారు. ఆ చట్టం వల్ల దేశం ఎలా నాశనమైపోతుందో నేను సభలో కన్నీళ్లతో వివరించేవాణ్ణి. కన్నీళ్లకు వేరే కూలి పుచ్చుకునేవాణ్ణి.

నాకు అన్నం పెట్టినవాళ్లలో పెద్దవాడు నాగదత్తుడు. ఆయనది ఉమ్మడి మూట వ్యాపారం. ఊళ్లోవాళ్లు దాచుకున్న సొమ్మంతా ఒక మూటగా కట్టి, ఇంకా కాయని మిరియాలు, ఇంకా విత్తని పసుపు, ఇంకా ఓడ దిగని గుర్రాలు కొనేవాడు. ధర పెరిగితే అమ్మేవాడు. లాభంలో ఐదో వంతు ఆయనది. నష్టం వస్తే అది పూర్తిగా మూటకు సొమ్మిచ్చినవాళ్లది. లాభమొచ్చినా రాకపోయినా మూట మోసినందుకు కూలి మాత్రం ఏటేటా తప్పదు. ఇది చాలా న్యాయమైన పద్ధతి అని నేను ఏడుసార్లు సభలో నిరూపించాను.

ఆ సంవత్సరం మిరియాల ఓడలు మూడు మునిగిపోయాయి. వాటితోపాటు సాలెవీధి వాళ్లు దాచుకున్న సొమ్మూ మునిగింది. వీధి వీధంతా కోట గుమ్మం ముందు కూర్చుని ఏడ్చింది.

మా గుణార్ణవ మహారాజుకు కోపం వచ్చింది. ఆయన మంచివాడే గానీ, తనకు తెలియని శాస్త్రం లేదని ఆయన నమ్మకం. మంత్రులను పక్కన పెట్టి చట్టం తానే రాశారు. రాశాక అది ఆయనకే ఎంతో నచ్చి, పూటకోసారి శంఖం ఊదించి చదివించుకున్నారు.

"చేతిలో లేని సరుకును ఎవడూ అమ్మరాదు, ఎవడూ కొనరాదు. తప్పినవాణ్ణి గాడిద మీద ఊరేగించవలెను."

అది మొదలు పసుపు రైతులకు బయానా ఇచ్చేవాడు లేడు. బయానా లేనిదే విత్తనం లేదు. తొలకరి పది రోజుల్లో ఉంది. నాగదత్తుడు నా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"భట్టుగారూ, ఈ చట్టం పోవాలి. దీని బదులు ఇంకో చట్టం రాకూడదు. అసలు ఏ చట్టమూ వద్దు. రైతుల పేరు చెప్పండి, బాగుంటుంది."

రైతుల పేరు చెప్పడం నాకు కొత్త కాదు. ఈసారి వాళ్ల కష్టం నిజం కావడమే కొత్త.

మర్నాడు సభ నిండింది. ఒక మూల సాలెవీధి తరఫున అంకమ్మ నిలబడి ఉంది. మగ్గం మీద ముప్పై ఏళ్లు పనిచేసి దాచుకున్నదంతా మూటలో పోగొట్టుకున్న మనిషి. నేను ఆమె వైపు చూడకుండా మహారాజుకు నమస్కరించాను.

మహారాజు మీసం సవరించుకున్నారు. "మల్లిభట్టూ, నా చట్టంలో తప్పు పట్టడానికి వచ్చావట! సరే. చేతిలో లేనిదాన్ని బుద్ధిమంతుడెవడైనా అమ్ముకోవలసిన అవసరం ఒక్కటి చూపించు. నేను ఒప్పుకుంటే నూరు వరహాలు నీవి. ఒప్పుకోకపోతే మొదటి గాడిద నీది."

భాండారి దామోదరయ్య నూరు వరహాలు పళ్లెంలో పోసి ముందుంచాడు. బయట గాడిద కూడా సిద్ధంగానే ఉన్నట్టు దాని గొంతు వినబడింది.

నేను రాజుగారి వైపు కాక సభ వైపు తిరిగాను. "అయ్యలారా! ఈ నూరు వరహాల బహుమానం నేను గెలిస్తే నాది. దాన్ని ఇప్పుడే పది వరహాలకు అమ్ముతున్నాను. కొనేవారెవరు?"

సభ నివ్వెరపోయింది. నేను ఏడుసార్లు గెలిచినవాణ్ణని దామోదరయ్యకు తెలుసు. పైగా రాజుగారి భాండారిని గాడిద ఎక్కించేదెవరు? గబగబా నడుముకున్న సంచి విప్పి పది వరహాలు నా చేతిలో పెట్టాడు.

మహారాజు సింహాసనం మీంచి లేచారు. "ఎంత ధైర్యం! చేతిలో లేనిదాన్ని నా కళ్లముందే అమ్ముతావా?"

"మహాప్రభూ, నాకు వచ్చేది వరహాలో గాడిదో తెలియదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. గాడిద మీద ఊరేగి వచ్చినా రేపు అన్నం తినాలి కదా! అందుకే వస్తుందో రాదో తెలియని నూరును ఇచ్చి, చేతికొచ్చే పదిని తీసుకున్నాను. పసుపు రైతు చేసేదీ ఇదే. వాన వస్తుందో రాదో అతనికి తెలియదు. విత్తనం మాత్రం ఇప్పుడే కావాలి."

మహారాజు ఆలోచనలో పడ్డారు. "అది సరే. నూరు వరహాలను మరీ పదికా అమ్మడం?"

"నా వాదనలో ఎంత బలముందో నాకు తెలుసు కదా ప్రభూ!"

సభ గొల్లుమంది. మహారాజు మీసం కూడా కదిలింది. నాగదత్తుడు నా వైపు చూసి కళ్లతోనే ఆశీర్వదించాడు. మహారాజు చట్టం కొట్టేయడానికి గంటం అందుకున్నారు. ఎనిమిదోసారీ గెలిచాననుకున్నాను.

అప్పుడు మూలనుంచి అంకమ్మ గొంతు వినబడింది.

"భాండారిగారూ, ఆ పది వరహాలు ఎవరివి నాయనా?"

దామోదరయ్య ముఖం పాలిపోయింది. "అది... కోట ఖర్చుల సంచి. తరవాత సర్దేవాణ్ణి."

"భట్టుగారు గెలిస్తే నూరూ ఎవరికి?"

"కొన్నది నేను గనుక నాకే."

"ఓడితే పోయిన పది ఎవరివి?"

దామోదరయ్య సంచిని వెనక్కి దాచుకున్నాడు.

"మా మిరియాలూ ఇట్లాగే మునిగినై దొరా," అంది అంకమ్మ మహారాజుతో. "ముందుగా కొనడం తప్పనను. మా సొమ్ముతో మాకు చెప్పకుండా పందెం కట్టారు. అది తప్పు."

మహారాజు నా వైపు తిరిగారు. "దీనికి నీ జవాబేమిటి?"

నాగదత్తుడు వెనకనుంచి దగ్గాడు. ఇవి సామాన్యులకు అర్థంకాని సూక్ష్మ విషయాలు అని చెప్పమని దానర్థం. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చేతులు కనిపించాయి. నూలు ఒరిసి ఒరిసి వేళ్లు కాయలు కాచి ఉన్నాయి.

"ప్రభూ, నా దగ్గర జవాబు లేదు," అన్నాను. "ఉన్నవన్నీ తప్పించుకునే దారులే. అవి ఏడూ వాడేశాను."

నాగదత్తుడు తలపాగా తీసి ముఖం కప్పుకున్నాడు.

మహారాజు పాత చట్టం కొట్టేసి, అంకమ్మ చెబుతుంటే కొత్తది రాశారు. పరుల సొమ్ముతో పందెం కట్టేవాడు ముందుగా వాళ్లకు చెప్పాలి. తన సొమ్ము కూడా వాళ్ల సొమ్ము పక్కనే పెట్టాలి. నష్టం వచ్చిన సంవత్సరం మూట మోసిన కూలి తిరిగి ఇచ్చేయాలి. ఆ కూలి అక్కడికక్కడే నాగదత్తుడి చేత సాలెవీధికి ఇప్పించారు.

దామోదరయ్య మెల్లిగా పళ్లెం వైపు చెయ్యి చాచాడు.

"ఆగు! కొన్నది నా సొమ్ముతో. అందువల్ల ఆ నూరూ నావే," అన్నారు మహారాజు. అని, నా ముఖం చూసి కిరీటం పక్కకు ఒరిగేలా నవ్వారు. "మల్లిభట్టూ, వాదన గెలిచావు, బహుమానం పోగొట్టుకున్నావు, కూలి ఇచ్చేవాణ్ణి ముంచావు! ఇంత పని ఒక్క పూటలో చేసినవాణ్ణి నేను వదులుకోను. ఈ చట్టం అమలుకు అంకమ్మ అధికారి. నువ్వు ఆమె చెప్పింది రాసిపెట్టే రాయసగాడివి. నెలకు ఆరు వరహాలు."

సాష్టాంగపడి లేచి, అంకమ్మ దగ్గరకు వెళ్లి చేతులు జోడించాను. "అమ్మా, మొదటి నెల జీతం ముందుగా ఇప్పిస్తే..."

అంకమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ముందు పని చూపించు నాయనా," అంది.

మహారాజు రెండోసారి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగేలోగా నేను తాటాకులు వెతుక్కుంటూ ఆమె వెనక నడుస్తున్నాను.