కాటుకకు చూపించిన నాంచారి

అనగనగా, ఉప్పు గాడిదల మీదెక్కి ఊళ్ళు తిరిగే కాలంలో, సముద్రం ఒడ్డు నుంచి కనుమ దాటి ఉప్పు మోసే గుంపొకటి ఉండేది. ఆ గుంపులో నాంచారి అని ఒకామె. ఆమెకు రెండు గాడిదలు, బూడిది, కాటుక. రెండింటికీ తెల్లటి మూతి. వీపు పొడుగునా నల్లటి చార, భుజాల మీద అడ్డంగా ఇంకో చార. చెవులా, చేటలంత.

గాడిద మొండిదంటారు. గాడిద గుడ్డేం కాదూ! వాగులో కాలు ఎక్కడ దిగబడుతుందో దానికి తెలుసు, అందుకే ఆగుతుంది. మనకు తెలియదు, అందుకే కొడతాం. ఇక జోడు కట్టిందంటే వదిలి ఉండలేదు. బూడిది నడిస్తే కాటుక నడిచేది. బూడిది ఆగితే కాటుక ఆగేది. బూడిది దుమ్ములో పొర్లితే కాటుకా పొర్లేది.

నాంచారి మొగుడు సింగన్న ఒక వానాకాలం ఉప్పుకని పోయి తిరిగి రాలేదు. వాగు లాక్కుపోయిందని ఒకరన్నారు. పులి తినేసిందని ఒకరన్నారు. వేరే దేశం పోయాడని ఒకరన్నారు. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. రోజూ సాయంత్రం నాంచారి అతని వాటా గంజి తీసిపెట్టి, దారి వైపు చూస్తూ కూర్చునేది.

ఒకసారి కనుమలో బూడిది చచ్చిపోయింది. ఆ గుంపులో ఒక పద్ధతి ఉండేది. జోడులో ఒకటి చస్తే, రెండోదాని కళ్ళకు గుడ్డ కట్టి చచ్చినదాన్ని ఈడ్చేసేవాళ్ళు. చూస్తే బెంగ పెట్టుకుంటుందట! నాంచారే తన చేత్తో కాటుకకు గుడ్డ కట్టింది. బూడిదిని లోయలో వేసి రాళ్ళు కప్పారు.

గుడ్డ విప్పాక కాటుక మేత ముట్టలేదు. బెల్లం పెడితే తినలేదు. ఇంకో గాడిదను పక్కన కడితే కరిచి తరిమింది. గుంపు పెద్ద గంగులు, సింగన్నకు అన్న, కర్రతో బాదినా అడుగు వెయ్యలేదు. ఎక్కడ గిట్టల చప్పుడైనా చెవులు అటు తిప్పి ఓండ్ర పెట్టేది.

"రేపు పొద్దున్నే కదలాల. ఇది సచ్చేదేలే. ఈడనే వదిలెయ్యి అమ్మే," అన్నాడు గంగులు.

నాంచారి ఆ చెవుల వంక చూసింది. దారిలో అడుగుల చప్పుడైతే తనూ అలాగే తలెత్తుతుంది.

"ఇది సావడానికి నిలబళ్ళేదు బావా. బూడిది వస్తాదని నిలబడుండాది," అంది.

కాటుకను కట్టిన తాడు విప్పి, బూడిదిని ఈడ్చిన జాడ దగ్గరికి మూతి పట్టుకుని వంచింది. కాటుక వాసన చూసింది. కదిలింది. లోయలో నాంచారి చేతుల్తోనే రాళ్ళు తీసింది. గోళ్ళు విరిగినా తీసింది. కాటుక బూడిది మూతి వాసన చూసింది, వీపు మీద చార వాసన చూసింది, గిట్టలు వాసన చూసింది. చాలాసేపు నిలబడింది. తర్వాత తనంతట తనే వెనక్కి తిరిగి, గట్టు మీద గడ్డి కొరికింది.

నాంచారి అక్కడే కూలబడి ఏడ్చింది.

"నీకు చూసుకోడానికి ఇదన్నా మిగిలిందే తల్లీ. నా మనిషిని నాకెవురు చూపిస్తారే?"

ఆ సాయంత్రమూ సింగన్న గంజి తీసిపెట్టింది. బతికినన్నాళ్ళూ తీసిపెట్టింది.

నాంచారి పోయిన రోజు పాడె ఎత్తబోతుంటే, ముసలిదైన కాటుక తాడు తెంచుకునేలా ఓండ్ర పెట్టింది. ఎవరో కళ్ళకు గుడ్డ తెచ్చారు.

"గుడ్డ ఆవల పారెయ్యండిరా. దాన్ని రానీండి," అన్నాడు గంగులు.

కాటుక వచ్చి నాంచారి పాదాలు వాసన చూసింది. అది తనంతట తను తిరిగేదాకా జనమంతా ఆగారు.

అప్పటి నుంచి ఆ గుంపు వాళ్ళు పాడె ఎత్తే ముందు, "ఇంకా ఎవరన్నా చూడాలా?" అని మూడుసార్లు అడుగుతారు. మొదటిసారి మనుషుల్ని అడుగుతారు. రెండోసారి పశువుల్ని విప్పి అడుగుతారు. మూడోసారి దారి వైపు తిరిగి, పోయి రానివాళ్ళను గట్టిగా కేకేసి అడుగుతారు. అటు నుంచి ఎవరూ పలకరు. అయినా కాసేపు ఆగి, అప్పుడు ఎత్తుతారు.