కల్వంలో పచ్చడి

మా ల్యాబులో పోలినాయుడు మూడేళ్ళుగా ఒక్క బిళ్ళ వెంట పడ్డాడు. ఒకవైపు వేడి తగిలి, రెండోవైపు చల్లగా ఉంటే చాలు, కరెంటు పుట్టించే బిళ్ళ. అలాంటివి లేకపోలేదు. కాని బాగా పనిచేసేవాటిలో సీసం ఉంటుంది. వంటింటి పొయ్యికి సీసం తగిలించడమంటే కూట్లో విషం కలుపుకోవడమే. సీసం లేని బిళ్ళ చేసి, పొయ్యి వేడితో వంటింట్లో దీపం వెలిగించాలని వాడి పంతం.

ఒక సోమవారం వాడు చేసిన బిళ్ళకి తగిలించిన మీటర్లో అంకె ఎన్నడూ లేనంత పైకి పోయింది. నాయుడు ల్యాబంతా తిరిగి మా అందరికీ చూపించాడు. ఆ వారం వాణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు. అన్నం తినడం కూడా మరిచి పేపరు రాసేసి, మా గైడు త్రిపురాంబ మేడం సంతకం కోసం పట్టుకెళ్ళాడు.

మేడం అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు.

"సీసం ఉన్న బిళ్ళకి సరిసమానం మేడం. ఇక నా పీహెచ్‌డీ వచ్చేసినట్టే."

"ఇందులో సీసం బొత్తిగా లేదంటావు?"

"నలుసంత కూడా లేదు. పొడులన్నీ నేనే పరీక్ష చేసి కలిపాను."

"దేంట్లో నూరావు?"

"మన రాతి కల్వంలోనే మేడం."

మేడం పేపరు పక్కన పెట్టారు. బల్ల సొరుగులోంచి చిన్న పొట్లం తీశారు.

"ఇవాళ ఇడ్లీలోకి పచ్చడి చెయ్యలేదు నాయుడూ. ఈ వేయించిన వేరుశెనగ గుళ్ళూ మిరపకాయా ఆ కల్వంలో నూరి పట్రా."

నాయుడు నవ్వుకుంటూ వచ్చాడు. కల్వం కడిగాడు, తుడిచాడు, గుళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ ఆగిపోయాడు. కల్వం అడుగున సన్నటి గీతలు, గీతల్లో నలుపు. వాడికంటే ముందు పదేళ్ళపాటు మా సీనియర్లు అందులో నూరింది సీసం పొడే.

సోమవారం అంకె అంత పైకి పోయింది ఆ సీసం వల్లేనన్నమాట. తర్వాత పొట్లం మళ్ళీ కట్టి తీసుకెళ్ళాడు.

"నూరలేదేం?"

"మీరు తింటారు కదా మేడం."

మేడం ఉత్త ఇడ్లీయే తిన్నారు. నాయుడు తన పేపరు తనే తీసుకుని వచ్చేశాడు.

పది రోజులకి కొత్త కల్వం వచ్చింది. నాయుడు అందులో ముందుగా పొడి నూరలేదు, పచ్చడి నూరాడు. అరచేతిలో పట్టే కల్వం, పచ్చడేమో రెండు చెంచాలు. మేం అయిదుగురం వేలితో నాకి పంచుకున్నాం. మేడం ఇడ్లీ ముక్క అద్దుకుని తిన్నారు.

"ఉప్పు తగ్గింది," అన్నారు. "ఇక మొదలుపెట్టు."

నెల తిరిగేసరికి కొత్త బిళ్ళ తయారైంది. పొయ్యి మీద పెట్టి, దానికి ఆవగింజంత బల్బు తగిలించాడు. మీటర్లో అంకె పాతదాంట్లో సగం దగ్గరే ఆగిపోయింది.

"సగమే వచ్చింది మేడం," అన్నాడు నాయుడు.

"లైట్లు ఆర్పు."

ఆర్పాడు. కిటికీ తెరలు మేం లాగేశాం. ఆ చీకట్లో బల్బు వెలుగుతోంది. ఆ వెలుగులో నాయుడి పళ్ళు కనిపించాయి, వెధవ నవ్వేస్తున్నాడు. మాకూ నవ్వు ఆగలేదు.

"మరి నా పీహెచ్‌డీ మేడం?"

"రేపు పొద్దున్నే వచ్చి దీన్ని మా వంటింటి పొయ్యికి పెట్టు," అన్నారు మేడం. "థీసిస్ మొదటి పేజీ అక్కడ కూచుని రాసుకుందువుగాని."