నీలిచేదు వేరు

హిమాలయాల్లో, చెట్లు ఆగిపోయి మంచు మొదలయ్యే చోట ఒక గడ్డి వాలు ఉంది. అక్కడ చమరవ్వ అనే ముసలి జడలబర్రె ఒక్కతే ఉండేది. కాలు కుంటిదయ్యాక మంద వెంట కనుమ ఎక్కలేకపోయింది. మంద కాసేపు ఆగి చూసింది, తర్వాత వెళ్లిపోయింది.

ఆ వాలు మీద బొటనవేలంత ఎత్తున నీలిపూల మొక్క మొలిచేది. మబ్బు నీడ పడితే పువ్వు ముడుచుకుంటుంది, ఎండ వస్తే విచ్చుకుంటుంది. దాని వేరు పరమ చేదు. కడుపు నొప్పికీ జ్వరానికీ కింది ఊళ్ల కాపర్లు దాన్నే కాచి తాగేవాళ్లు. జంతువులు దాన్ని నీలిచేదు అనేవి. ఏ మొక్క తవ్వాలో, ఏది విత్తనానికి వదలాలో చమరవ్వకే తెలుసు. అందుకని ఒంట్లో బాగాలేని ప్రతి జంతువూ ఆమె దగ్గరికే వచ్చేది. వేరు నమిలేది, మూతి తుడుచుకుని వెళ్లిపోయేది.

"కాసేపు కూర్చోరాదూ?" అని అవ్వ అడిగేది.

"పనుంది అవ్వా, మళ్లీ వస్తాలే!"

మళ్లీ రోగం వస్తేనే వచ్చేవి.

ఒకసారి మంచుకోడి వచ్చినప్పుడు అవ్వ నోట అబద్ధం జారింది. "ఉత్త వేరు పనిచేయదే పిల్లా. మబ్బు పోయి పువ్వు విచ్చుకునేదాకా నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి. లేకపోతే వికటిస్తుంది."

మంచుకోడి భయపడి కూర్చుంది. ఆ తర్వాత అందరూ కూర్చున్నారు. ఆ వేసవంతా అవ్వకు పండగే.

ఒక పొద్దున కొండమేక రొప్పుతూ వచ్చింది. "అవ్వా, నా పిల్ల ఒళ్లు కాలిపోతోంది. పాలు ముట్టడం లేదు. వేరు ఇస్తే పట్టుకెళ్తాను."

ఆకాశమంతా మబ్బు. పూలన్నీ ముడుచుకునే ఉన్నాయి. నిజం చెప్పేద్దామని అవ్వకు అనిపించింది. కానీ చెబితే రేపటినుంచి ఎవరు కూర్చుంటారు?

"పువ్వు విచ్చుకోనీ తల్లీ. కూర్చో."

మేక కూర్చుంది. కళ్లు మాత్రం కింద పిల్ల ఉన్న వైపే పోతున్నాయి. మబ్బు కదల్లేదు.

అటుగా పోతున్న నక్క ఆగింది. "ఒక్క మాట అవ్వా. మొన్న చలికాలం కడుపు నొప్పి వస్తే నువ్వూ ఈ వేరే నమిలి తగ్గించుకున్నావు కదా. అప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

అవ్వ తల వాలిపోయింది. "ఎవరూ కూర్చోలేదు. వేరు ఒక్కటే చాలు. తీసుకెళ్లు తల్లీ, పరిగెత్తు!"

మేక ఆమెను ఒక్క చూపు చూసింది. వేరు నోట కరుచుకుని రాళ్ల మీదుగా దూకింది.

"నా పిల్ల జబ్బు పడితే నన్నూ ఇలాగే కూర్చోబెట్టేదానివేగా?" అని నక్క కూడా దిగిపోయింది.

పిల్ల బతికింది. కానీ అవ్వ అబద్ధం సంగతి కొండంతా పాకింది. అవ్వ ఇప్పుడు వేళ్లు తవ్వి వాలు అంచున రాతి మీద పెడుతుంది. రోగులు వస్తారు, తీసుకుంటారు, పోతారు.

ఒకరోజు కొండమేక తన పిల్లతో వచ్చింది. పిల్ల అవ్వ వైపు గెంతబోయింది. తల్లి కొమ్ముతో దాన్ని మెల్లగా వెనక్కి నెట్టింది.

"బాగున్నాడా?" అంది అవ్వ దూరంనుంచే.

"బాగున్నాడు," అంది మేక, నడుస్తూనే.

ఆ ఒక్క మాటే చాలనుకుని అవ్వ గాలికి వీపు తిప్పి, గడ్డిలో ఒంటరిగా పడుకుంది.

చేసిన మేలుకు తోడును కూలిగా అడిగితే, మేలు మరుగున పడుతుంది, తోడు దూరమవుతుంది.