వాకర్‌కి కట్టిన గజ్జె

మధ్యాహ్నం నాలుగైంది. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. త్రిపురమ్మగారు వచ్చారు.

ఆవిడ దగ్గర మా వీధి ఆడవాళ్ళం కొందరం గురువారం పూట పద్యాలు చదువుకుంటాం. పద్యానికి అర్థం అడిగితే చెప్తారు. బతుకు గురించి అడిగితే మాత్రం మంచినీళ్ళు అడుగుతారు. తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఏదో చిన్న పని చెప్తారు. ఆ పని చేసినవాళ్ళు కొందరు మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. కొందరు ఆవిడ దగ్గరికి రావడమే మానేశారు.

నేను కదలలేను కనక ఆ వారం ఆవిడే వచ్చారు. మంచం పక్కన కూర్చుంటూ, మీ నడవ ఇరుకు కుసుమా, మీ అత్తగారి కాళ్ళు తప్పించుకుని వచ్చేసరికి నా పని అయిందన్నారు. అత్తగారు ఎప్పుడూ కాళ్ళు ముడుచుకునే కూర్చుంటుంది కదా అనుకున్నాను.

బాత్రూంలో జారిపడ్డాను. తుంటి కీలు మార్చారు. అప్పటినుంచి అన్నీ కూడనివే. వంగకూడదు. నేల మీద కూర్చోకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. పక్కకి తిరిగి పడుకుంటే కాళ్ళ మధ్య దిండు ఉండాలి. చెంచా కింద పడితే, ఎవరో వచ్చి తీసేదాకా దాని వంక చూస్తూ ఉండాలి. మళ్ళీ పడితే మాత్రం కీలు జారుతుందని, ఆ పైన తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి సాయంత్రమైతే ఇంట్లో ఎవరెవరు క్షేమంగా వచ్చారో లెక్కపెట్టుకోవడం అలవాటైంది. ఆ లెక్కలో అత్తగారు ఉండేది కాదు. ఆవిడ ఎక్కడికి పోతుంది గనక.

మంచానికి అంటుకుపోయిన మనిషికి చెవులు పెద్దవవుతాయి. వంటింట్లో గొంతు తగ్గితే నా గురించే. మా ఆయన ఫోను పట్టుకుని వీధిలోకి ఎందుకు వెళ్ళారు? ఆవకాయ జాడీ కింది అరలోంచి గట్టు మీదికి ఎందుకు ఎక్కింది? ఫిజియోథెరపీ అమ్మాయి నాతో బాగుంది ఆంటీ అని చెప్పి, మా అమ్మాయి ప్రణతి వంక ఎందుకు చూసింది?

వీటన్నిటికీ మించి గజ్జె.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు మా ఆయన నా వాకర్‌కి గజ్జె ఒకటి కట్టారు. ప్రణతి చిన్నప్పటి డాన్సు గజ్జెల్లోది, పాత చీర అంచు పీలికతో. ఇదేమిటంటే అమ్మ కట్టమందన్నారు. ఎందుకంటే తను అడగలేదన్నారు. అత్తగారినే అడిగాను. ఉండనీవే, బరువా ఏం, అని ఊరుకుంది.

మా అత్తగారు వెంకాయమ్మగారికి చూపు దాదాపు పోయింది. పగలంతా నడవలో చాప మీద ఉంటుంది. నా గదికీ బాత్రూంకీ మధ్య ఉన్నది ఆ నడవే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాలగిన్నె మీద ఉండేది ఆవిడ కన్ను. తర్వాత ఫ్రిజ్ వచ్చింది. తలుపు ఎవరు ఎప్పుడు తీశారో సాయంత్రం మా ఆయనకి అప్పజెప్పేది. ఇప్పుడు కన్ను లేదు కనక గజ్జె. ఆవుకి మెడలో కట్టినట్టు.

నేను లేస్తే అది మోగుతుంది. గుమ్మం దాటి నడవలోకి వచ్చేసరికి ఆవిడ గోడకి అంటుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ముఖం నా వైపే పెట్టి కూర్చుని ఉంటుంది. కాపలావాడిలా. ఒక్క మాట ఉండదు. తిరిగొచ్చేటప్పుడూ అంతే.

ఆదివారం మా ఆయనతో చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. నా కాలు బాగయ్యేదాకా ఆవిడ కాకినాడలో మా మరిది ఇంట్లో ఉండాలి. కాదంటే నేను మా అక్క ఇంటికి పోతాను. మరిదిది మూడో అంతస్తు. ఆ కళ్ళతో మెట్లెక్కిన మనిషి మళ్ళీ దిగదని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను.

త్రిపురమ్మగారిని అడిగింది అదే. కళ్ళు పోయినా కాపలా మానని మనిషితో ఒక ఇంట్లో ఎలా ఉండడం అమ్మగారూ అని.

ఆవిడ మంచినీళ్ళు అడిగారు. తాగారు. వంగి నా వాకర్‌కున్న గజ్జె విప్పి, కొంగున ముడి వేసుకున్నారు. పీలిక మాత్రం ఉంచేశారు.

"రేపు ముందుగదిలో కుర్చీ వేయించుకుని కూర్చో, నడవ కనబడేలా. లేవాల్సొస్తే పిల్లని ముందు నడవమను. ఇన్నేళ్ళూ ఆవిడ నిన్ను చూసింది కదా. ఒక్క రోజు నువ్వు ఆవిడ్ని చూడు."

ఆవిడా, అత్తగారూ ఒక ఈడువాళ్ళు. వీధి గుమ్మం దగ్గర ఇద్దరూ ఏమైనా అనుకున్నారా అని కూడా నాకు తోచింది. అయినా చేశాను.

మర్నాడు ప్రణతికి సెలవు. అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడే పోయి ఎత్తు కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ గోడ తడుముకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది. మోకాళ్ళు ముడుచుకుంది. ముఖం నా గది వైపు. చూశావా, మొదలైంది అనుకున్నాను.

ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. తల తిప్పలేదు. కుక్కరు కూత పెట్టింది. తిప్పలేదు. నేను లేచి బాత్రూంకి వెళ్ళాల్సొచ్చింది. ప్రణతి ముందు నడిచింది. వాకర్ రబ్బరు కాళ్ళకి చప్పుడు లేదు. ఆవిడ పక్కనుంచే పోయాం, చీర తగిలేంత దగ్గరగా. ఆవిడ ఖాళీ గది వైపే చూస్తోంది. మేం పోయిన సంగతి తెలియలేదు.

అన్నం కూడా ముడుచుకునే తింది. మధ్యాహ్నం పడుకోలేదు. తల వాలిపోవడం, ఉలిక్కిపడి ఎత్తడం. ఒకసారి ఎడమకాలు సగం చాపింది. ఆగింది. చెవి నా గది వైపు పెట్టింది. మళ్ళీ కాలు లాక్కుని, చీలమండ నిమురుకుంటూ కూర్చుంది. అప్పటిదాకా నాకు అనిపించని సంగతి ఒకటి అప్పుడు అనిపించింది. అయినా నమ్మలేదు. సాయంత్రం దాకా చూద్దామనుకున్నాను.

సాయంత్రం ప్రణతి పెరట్లో బట్టలు తీస్తోంది. అత్తగారు లేవబోయింది. మోకాళ్ళు విడలేదు. గోడ మీద చెయ్యి జారి, పక్కకి ఒరిగిపోయింది. నేను ఎప్పుడు లేచానో తెలియదు. దగ్గరికి వెళ్ళాను. వంగకూడదు. వాకర్ ఆవిడ ముందు నిలబెట్టి, నా బరువంతా దాని మీద వేసి నొక్కి, పట్టుకోండి అత్తయ్యా అన్నాను.

ఆవిడ చెయ్యి వాకర్ కమ్మీ వెంట పైకి పాకింది. పీలిక దగ్గర ఆగి, వెతికింది.

"గజ్జె ఏదే?"

ఊడిపోయిందని చెప్పాను.

"అదీ సంగతి. పొద్దుటినుంచీ మోగలేదు. లేవలేదేమోలే, కాళ్ళు చాపుకుందామంటే, లేస్తేనో? నువ్వు కిందికి చూడలేవాయె."

ప్రణతి పరిగెత్తుకొచ్చి ఆవిడ్ని లేపింది. దీపాలు పెట్టేదాకా దాని చేత ఆవిడ మోకాళ్ళకి నూనె రాయించాను. ఆ తర్వాత పాత గజ్జెల్లోంచి ఇంకొకటి ఊడదీయించి, అదే పీలికతో కట్టించాను.

ఆదివారం మా ఆయన, ఏదో చెప్తానన్నావు అని అడిగారు. ఆవకాయ జాడీ గట్టు మీదే ఉండనివ్వండి, నాకు అందుతోంది అన్నాను. ఆయన కాసేపు నా వంక అనుమానంగా చూశారు.

గురువారం నాలుగింటికి వాన పడుతూండగా త్రిపురమ్మగారు వచ్చారు. ఆవిడ కూర్చుని ఉండగానే లేచి, వాకర్ పట్టుకుని నడవలోకి వెళ్ళాను. గజ్జె మోగింది. అత్తగారి కాళ్ళు గోడ నుంచి గోడ దాకా చాపి ఉన్నాయి. నేను దాదాపు మీదికి వచ్చాక చటుక్కున ముడుచుకున్నాయి. త్రిపురమ్మగారు గుమ్మంలో నిలబడి చూశారు. నేను తిరిగి వచ్చాక కొంగు ముడి విప్పి, మొదటి గజ్జె నా చేతిలో పెట్టారు.

"ఇదీ కట్టు. ఆవిడకి చెవి కూడా తగ్గుతోంది."

చీకటి పడింది. వాన తగ్గలేదు. మంచం మీంచి లెక్కపెట్టుకున్నాను. త్రిపురమ్మగారు ఇల్లు చేరినట్టు ఫోను చేశారు. ఆయన తడిసి వచ్చారు. ప్రణతి వచ్చింది. నేను బాత్రూంకి వెళ్ళి మంచం దగ్గరికి వచ్చాను. నడవలో చాప గరగరలాడింది. ఆవిడ కాళ్ళు చాపుకుంది. అందరం వచ్చాం.