ఓడ మీద కన్నేసిన పేరంటాలు

మట్లపాలెంలో తవిటయ్యగారింట్లో వాళ్ళకి ఒక గొప్ప ఉండేది. ఏ మాటైనా వాళ్ళకి ఒక్కసారి చెబితే చాలు. "మా ఇంట్లో రెండోసారి చెప్పించుకున్నవాళ్ళు లేరమ్మా" అని తవిటయ్య పెళ్ళాం పేరంటాలు ఎదురింట్లో, పక్కింట్లో, ఆఖరికి బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చెప్పుకునేది. నిజమే మరి. రెండోసారి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఒకరోజు రొయ్యల చెరువు దగ్గర తవిటయ్య తన తమ్ముడు బుల్లియ్యతో "కాసేపు ఈ మోటారు చూస్తూ ఉండరా" అని భోజనానికి వెళ్ళాడు. వచ్చేసరికి మోటారు కాలి బొగ్గయింది. బుల్లియ్య గట్టు మీద కూచుని రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తున్నాడు.

"మొదట పొగొచ్చిందన్నయ్యా, తర్వాత మంటొచ్చింది. ఒక్కటి కూడా చూడకుండా వదల్లేదు" అన్నాడు.

"చూశావటే, చెప్పిన పని ఎంత శ్రద్ధగా చేశాడో!" అని తవిటయ్య పెళ్ళాంతో అని మురిసిపోయాడు.

అంత తెలివైన కుటుంబానికి ఆ ఏడు రొయ్యలు బాగా పండాయి. మేత అమ్మే కంపెనీవాళ్ళు సంబరపడి ముగ్గురికీ ఓడ ప్రయాణం టిక్కెట్లు ఇచ్చారు. మద్రాసులో ఎక్కితే దారిలో కొచ్చి, గోవా చూపించి తీసుకొచ్చే పెద్ద ఓడ. ఇంకేముంది, పేరంటాలు జంతికల డబ్బా సర్దింది, ముగ్గురూ బయల్దేరారు.

ఆ ఓడలో శర్వాణి అని ఒక తెలుగమ్మాయి ఉంది. ఏదైనా రేవు వచ్చేముందు ప్రయాణికుల్ని భోజనాల హాల్లో కూచోబెట్టి జాగ్రత్తలు చెప్పడం ఆమె ఉద్యోగం. కొచ్చి వచ్చిన పొద్దున కూడా చెప్పింది.

"ఓడ ఇక్కడ సాయంత్రం నాలుగింటిదాకానే ఉంటుందండి. తర్వాత ఎవరికోసమూ ఆగదు. మీ వాచీలు, ఫోన్లు నమ్ముకోకండి, ఓడ గడియారాన్నే నమ్ముకోండి. మరీ దూరం పోకుండా ఓడ మీద ఒక కన్నేసి ఉంచండి. చిరుతిళ్ళ దగ్గర కాస్త నోరు కట్టుకోండి. ఎండగా ఉంది, నెత్తిన ఏదో ఒకటి పెట్టుకోండి."

మిగతావాళ్ళంతా ఆవలిస్తూ విన్నారు. పేరంటాలు మాత్రం ఒక్కో మాటా నోట్లో వేసుకుని చప్పరించినట్టు విన్నది. హాలు ఖాళీ అయ్యాక గోడకేసి చూసింది. అక్కడ అట్లపెనమంత గడియారం వేలాడుతోంది.

"ఏవండీ, ఓడ గడియారం అంటే అదే కదా?"

"అదే."

"మరి దాన్ని నమ్ముకోమని చెప్పి ఇక్కడ వదిలేసి పోతే ఎలా?"

అంతే. బుల్లియ్య కుర్చీ ఎక్కి గడియారం దించాడు. తువ్వాలు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద గడియారం పెట్టాడు. నెత్తిన ఏదో ఒకటి పెట్టుకోమన్న మాట కూడా దాంతోనే తీరిపోయింది. ఒక దెబ్బకి రెండు పనులు చేశాడని వదిన మెచ్చుకుంది.

మెట్లు దిగి రేవు బయటికి వచ్చారు. ఇప్పుడు ఓడ మీద ఒక కన్నెయ్యాలి. పేరంటాలు ఎడమ కన్ను ఓడ మీదేసి, కుడి కన్నుతో ఊరు చూద్దామని చాలా ప్రయత్నించింది. రెండు కళ్ళూ కలిసే తిరుగుతున్నాయి గానీ విడివిడిగా పోనంటున్నాయి. తల తిరిగి చెట్టు పట్టుకుంది.

"పోనీ రెండూ వేద్దాం వదినా, ఎక్కువేస్తే తిడుతుందా ఏంటి?" అన్నాడు బుల్లియ్య.

ఇంకేముంది, ముగ్గురూ మొహాలు ఓడవైపు పెట్టి, వీపులు ఊరివైపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ కొచ్చి చూడ్డానికి బయల్దేరారు. తవిటయ్య వెళ్ళి చేపల గంప మీద కూచున్నాడు. గంప గలావిడ మలయాళంలో గుక్క తిప్పుకోకుండా అరిచింది.

"ఎంత మర్యాదో చూడండి, కూచున్నందుకు ఇంతసేపు పలకరిస్తోంది" అంది పేరంటాలు. ఆవిడకి దణ్ణం పెట్టి, తడిసిన పంచె దులిపించి, మొగుణ్ణి మళ్ళీ వెనక్కి నడిపించింది.

కాస్త దూరం పోయాక వీపులకి వేడి తగిలింది. తలలు తిప్పి చూస్తే అరటికాయ బజ్జీలు వేస్తున్న బండి. కమ్మటి వాసన. పేరంటాలు చేతులు అడ్డం పెట్టి ఇద్దర్నీ ఆపింది.

"చిరుతిండి! నోళ్ళు కట్టుకోండి, నోళ్ళు!"

అంతే. తవిటయ్య పైపంచెతో, బుల్లియ్య జేబురుమాలుతో, పేరంటాలు పమిట కొంగుతో మూతులు బిగించి కట్టుకున్నారు. బజ్జీలవాడు జల్లిగరిటె పట్టుకుని తలెత్తి చూశాడు. మూతులకి గుడ్డలు కట్టుకున్న ముగ్గురు మనుషులు. ఒకడి నెత్తిన ఏదో గుండ్రంగా ఉంది, అందులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. వాడు కెవ్వుమని ఎగిరి, బుల్లియ్యని గుద్దుకుని, బండి వదిలేసి పారిపోయాడు. ఆ గుద్దుకి గడియారం కింద పడింది. దాని వెనకనించి బ్యాటరీ ఊడి దొర్లుకుంటూ కాలవలోకి పోయింది.

బుల్లియ్య గడియారం తీసి అటూ ఇటూ చూశాడు. "అద్దం పగల్లేదు వదినా, పైగా ఆ టిక్కుటిక్కు గోల కూడా మానేసింది" అని మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. అప్పటికి దాంట్లో పదకొండుంబావు.

ఓడ బాగా కనపడే చోటు చూసుకుని, మూతిగుడ్డలు విప్పేసి ముగ్గురూ సముద్రం ఒడ్డున రాతి గట్టు మీద కూచున్నారు. ఎంతసేపు కూచున్నా ఎప్పుడు చూసినా పదకొండుంబావే.

"కొచ్చిలో టైము ఎంత నెమ్మదో, మన ఊళ్ళో అయితే ఈపాటికి సందేళయ్యేది" అన్నాడు తవిటయ్య, పొడుగ్గా సాగిన తన నీడని చూసుకుంటూ.

పేరంటాలు కళ్ళు ఓడ మీదే ఉన్నాయి. ఓడ భోంయ్‌మని కూత పెట్టింది. జనం పరుగులు పెడుతూ మెట్లెక్కుతున్నారు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

"ఏవండీ, ఆ ఓడ వెళ్ళిపోతున్నట్టుందండీ."

"టైమెంతరా బుల్లియ్యా?"

"పదకొండుంబావు అన్నయ్యా."

"అయితే అది మన ఓడ కాదు. మనది నాలుగింటికి కదా."

పేరంటాలుకి పై ప్రాణం పైనే పోయింది. పొద్దుటినించీ రెప్ప కూడా వెయ్యకుండా చూసింది వేరేవాళ్ళ ఓడనా? మరి తమ ఓడేది? ఇన్నాళ్ళ తన తెలివి ఇవాళ ఇలా సముద్రంలో కలిసిపోయిందా? కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఒక ఆటో వచ్చి వాళ్ళ ముందు ఆగింది. అందులోంచి శర్వాణి దూకింది. ఆమె జుట్టంతా రేగిపోయి ఉంది. వీళ్ళని వెతకడం ఆమెకి కష్టం కాలేదు. గడియారం నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచేవాళ్ళు ఎటు పోయారని అడిగితే కొచ్చిలో ప్రతివాడూ చెయ్యెత్తి చూపించాడు.

"పిన్నిగారూ! ఇక్కడున్నారా! అందరూ ఓడెక్కేశారు, మీరే మిగిలారు. మిమ్మల్ని వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుందండీ!"

"ఊడితే మా బుల్లియ్య పట్టుకుంటాళ్ళే, ఏడవకమ్మా" అంది పేరంటాలు, జాలిగా.

"అయ్యో, మాటలొద్దు! రోడ్డు చివర వంతెన మీద బండ్లు ఆగిపోయాయి, ఆటో అటు పోదు. ఈ గట్టు వెంట పోతే అదుగో రేవు. కాళ్ళకి బుద్ధి చెప్పండి, త్వరగా!"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అంతే, మళ్ళీ గట్టు మీద చతికిలబడి, కాళ్ళు బారజాపారు.

"చూడండమ్మా కాళ్ళూ, ఊరు కాని ఊరు వచ్చాం. పెద్దవాళ్ళు చెప్పినట్టు నడుచుకోవాలి" అని తవిటయ్య మొదలెట్టాడు.

"నువ్వు చిన్నప్పటినించీ పెంకిదానివే. ఆ కుడికాలుని చూసి నేర్చుకోరాదూ?" అని బుల్లియ్య ఎడమకాలి మీద ఒక్కటిచ్చాడు.

పేరంటాలుకి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆమె గట్టిగా అనలేక, చీర కుచ్చెళ్ళ మీదనించి నిమురుతూ "మిమ్మల్ని నేనేం అంటానర్రా, మీకు మీరే తెలుసుకోవాలి" అంది.

ఓడ రెండోసారి కూత పెట్టింది. శర్వాణి నెత్తీ నోరూ కొట్టుకుంది. బుల్లియ్య నెత్తిమీది గడియారం లాక్కుని ఒక్క పరుగు తీసింది.

"ఓడ గడియారం! దొంగ! దొంగ!" అని ముగ్గురూ ఆమె వెనకాల పడ్డారు. బుద్ధి చెప్పించుకున్న కాళ్ళు కదా, భలేగా పరిగెత్తాయి. అలా శర్వాణి ముందు, వీళ్ళు వెనక, రేవులోకొచ్చి, మెట్లెక్కి, ఓడలో పడ్డారు. వాళ్ళ వెనకాలే మెట్లు లేచిపోయాయి. పై అంతస్తులో కమ్మీలు పట్టుకుని నిలబడ్డ ప్రయాణికులంతా చప్పట్లు కొట్టారు. పేరంటాలు ఆయాసపడుతూనే అందరికీ నమస్కారం పెట్టింది.

శర్వాణికి ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని, చేతులు జోడించింది.

"పిన్నిగారూ, మీకో దణ్ణం. నేనింక ఏ జాగ్రత్తా చెప్పను. ఒక్కటే చెప్తాను. తర్వాత గోవా వస్తుంది. ఆ ఊళ్ళో మాత్రం మీ ముగ్గురూ కాలు పెట్టొద్దు."

"అంతేనా?"

"అంతే."

"మాకు రెండోసారి చెప్పక్కర్లేదమ్మా" అంది పేరంటాలు.

శర్వాణి ఆ మాట నమ్మి హాయిగా నిద్రపోయింది. పేరంటాలుకి మాత్రం పక్క మీద దొర్లుతూ ఒకటే ఆలోచన. కాలు పెట్టకుండా ఊరు చూడ్డం ఎలా? చాలా కష్టమైన పనే చెప్పింది ఈ అమ్మాయి.

గోవా వచ్చింది. పొద్దున్నే శర్వాణి ఓడ మీద నిలబడి కాఫీ తాగుతూ కిందికి చూసింది. సామాన్లు మోసే బల్లబండి ఒకటి రేవులోంచి ఊళ్ళోకి పోతోంది. దాని మీద ముగ్గురు మనుషులు వరసగా వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఆరు కాళ్ళూ నిటారుగా ఆకాశంలోకి లేచి ఉన్నాయి. కూలీలు ఇద్దరు చెమటలు కక్కుతూ తోస్తున్నారు. ఎదురొచ్చినవాళ్ళంతా పాపం ఏమైందోనని దారి ఇస్తున్నారు.

శర్వాణి చేతిలో కాఫీ కప్పు జారిపోయింది. "పిన్నిగారూ!" అని గావుకేక పెట్టింది.

పేరంటాలుకి ఓడ తలకిందులుగా కనపడింది. అందులో తలకిందులుగా చేతులూపుతున్న శర్వాణి కనపడింది. ఎంత ప్రేమో ఈ పిల్లకి!

"భయపడకమ్మా, ఒక్క కాలు కూడా పెట్టలేదు, పెట్టం కూడా!" అని గట్టిగా అరిచింది.

బండి రేవు గేటు దాటింది. ఎటు పోవాలని కూలీ చేత్తో సైగ చేశాడు. తవిటయ్య తమ్ముణ్ణి చూశాడు, తమ్ముడు వదినని చూశాడు. పేరంటాలు కాళ్ళు ఇంకాస్త పైకెత్తి, వేళ్ళు ఆడించి, కాసేపు ఆలోచించింది.

"ముందు ఏదైనా మంచి చెప్పుల కొట్టుకి పోనీ నాయనా" అంది.