లోవయ్య గుంట

ఎప్పుడు జరిగిందని అడక్కండి. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఆళ్ళ అమ్మమ్మని అడిగితే, "నాకూ తెలీదే, నోర్మూసుకుని విను" అందంట. మీరూ వినండి.

కొండల కింద ఒక ఊరు. ఊరి చివర బోయీల పేట. బోయీలంటే పల్లకీ మోసేవోళ్ళు. ఆ పేటలో లోవయ్య అని ఒకడు. పొలం లేదు, పశువు లేదు, పేరు లేదు. మోసి మోసి భుజం మీద కాయ కాసింది. అదే ఆయన ఆస్తి.

పల్లకీకి నలుగురు. ముందు ఇద్దరు, యెనక ఇద్దరు. ముందోళ్ళకి దారి కనపడుద్ది. యెనకోళ్ళకి పల్లకీ చెక్కే కనపడుద్ది. అందుకని ముందోడు కేకెయ్యాలి. ముల్లుంటే "ముల్లూ" అనాలి. రాయుంటే "రాయీ" అనాలి. గుంటుంటే "గుంటా" అనాలి. యెనకోళ్ళు చూడరు, అడగరు. వినపడగానే కాలెత్తుతారు.

బోయీలకి ఒకటే కట్టుబాటు. ముందోడు తాగొచ్చు, తిట్టొచ్చు, దెబ్బలాడొచ్చు. లేనిది ఉందని మాత్రం కేకెయ్యకూడదు. వేశాడా, మళ్ళీ జన్మలో పల్లకీ బొంగు పట్టనివ్వరు. లోవయ్య ముప్పై ఏళ్ళు ముందు నడిచాడు. ఒక్క కేక తప్పు పోలేదు.

అప్పుడు తెల్లోళ్ళ రాజ్యం. కొండ మీద చెట్టు కొడితే తప్పు. మేకని మేపితే తప్పు. కల్లు గీస్తే తప్పు. కొండోళ్ళు ఎన్నాళ్ళని పడతారు? విల్లు పట్టుకుని తిరగబడ్డారు. తెల్లోళ్ళు దానికి పితూరీ అని పేరెట్టి, అణచమని ఒక దొరని పంపారు. ఆ దొరకి చలిజ్వరం. ఆయన నడవలేడు, ఆయన గుర్రం కొండెక్కలేదు. "పల్లకీ తెండి" అన్నాడు. "నేను రాను" అని ఒక బోయీ అంటే ఆడి గుడిసె తగలబెట్టించాడు. మిగతావోళ్ళు వచ్చారు. లోవయ్యా వచ్చాడు. రాక ఏం చేస్తాడు?

మొదటిసారి జీలుగుపాడు అనే కొండ గూడేనికి ఎక్కారు. ఆ రోజు గాలీ వానా. లోవయ్య కేకలేస్తానే ఉన్నాడు, ఆ హోరులో యెనకోళ్ళకే సరిగ్గా వినపళ్ళేదు. దొర దిగాడు. గూడెం అంటించాడు. ముగ్గురు మొగోళ్ళని చింతకొమ్మకి వేలాడదీశాడు. బోయీలు పల్లకీ పక్కన చతికిలబడి చూశారు.

ఇంటికొచ్చాక లోవయ్య ఒక చోట ఉండలేడు. కంచం ముందు కూర్చుంటాడు, లేస్తాడు. చుట్ట వెలిగిస్తాడు, పారేస్తాడు. గుమ్మం దాకా వెళ్తాడు, వస్తాడు. పెళ్ళాం వరాలు చూసి చూసి విసుక్కుంది.

"ఏటయ్యా, కాలు కాలిన పిల్లిలాగ?"

"ఆ దొరని అక్కడికి ఎవరు తీసుకెళ్ళారే?"

"ఆడే వెళ్ళాడు."

"ఆడికి కాళ్ళెక్కడియ్యే? నా కాళ్ళే గదా."

"నువ్వు మొయ్యకపోతే ఇంకోడు మోస్తాడు. గంజి చల్లారిపోతంది, తాగు."

గంజి చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

రెండోసారి తుమ్మలోవ ఎక్కారు. ఆ రోజు గాలి లేదు, వాన లేదు. "ముల్లూ, రాయీ, గుంటా" అని లోవయ్య కేకేస్తా ఉంటే కొండ కొండంతా మోగింది. వెళ్ళేసరికి గూడెం ఖాళీ. పొయ్యి మీద కుండ ఉడుకుతానే ఉంది. మనిషి లేడు, మేక లేదు, కోడి కూడా లేదు. దొర చిందులు తొక్కాడు.

"ఎవడు చెప్పాడు ఈళ్ళకి?"

దొర పక్కన ఒక దుబాసీ ఉండేవాడు, ఆయన మాటలు ఈళ్ళకి, ఈళ్ళ మాటలు ఆయనకి చెప్పేవాడు. ఆడన్నాడు గదా, "మన బోయీలేనండి. ఈడి కేక అవతల కొండకి వినపడుద్ది. మనం దండోరా వేసుకుంటా వస్తన్నామండి."

లోవయ్య ఆ మాట విన్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి ఆ కేక యెనకోళ్ళ కాళ్ళకే అనుకున్నాడు. ఒక గూడేన్ని లేపి పంపించగలదని ఆయనకేం తెలుసు? దొర తిడితేనే తెలిసింది.

మూడోసారి ఊటగూడెం. దెబ్బలు తగిలిన కొండోళ్ళు ఏడుగురు అక్కడ దాక్కున్నారని కబురు. ఆ ఏడుగురికీ పసరు కట్టేది ఆ గూడెం ఆడోళ్ళు. ఈసారి దొర మూడు పనులు చేశాడు. సిపాయిల బూట్లు ఇప్పించాడు. తుపాకులకి గోనె చుట్టించాడు. బోయీలని నోరు మూసుకోమన్నాడు.

తెల్లారగానే బయల్దేరతంటే వరాలు అంది, "నోరు మూసుకోమన్నాడంట గదా దొర. ఇంట్లోనూ చెప్పి పోతే బాగుణ్ణు."

ఎప్పుడూ నవ్వేవాడు, ఆ పూట నవ్వలేదు.

కొండెక్కుతున్నారు. ముల్లు కనపడింది. "ముల్లూ!" అన్నాడు లోవయ్య. దొర బెత్తంతో వీపు మీద ఒక్కటిచ్చాడు.

"నోరు మూసుకోమన్నారా లేదా?" అన్నాడు దుబాసీ.

"చెప్పకపోతే యెనకోళ్ళకి గుచ్చుకుద్దయ్యా."

"గుచ్చుకోనీ."

ఇంకొంచెం ఎక్కారు. రాయి కనపడింది. "రాయీ!" అన్నాడు లోవయ్య. సిపాయి తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. రెండు పళ్ళు రాలాయి. దుబాసీ ఆలోచించి లోవయ్యని యెనక్కి పంపాడు. యెనకున్న పోలయ్యని ముందుకి తెచ్చాడు. పోలయ్య లోవయ్యకి బావమరిది. ఆ పోలయ్య నోరు మూసుకుని బుద్ధిగా నడిచాడు. పది అడుగులేశాడో లేదో, యెనకోళ్ళు చెట్టువేరు తన్నుకుని బోర్లా పడ్డారు. దొర వెళ్ళి తుప్పలో పడ్డాడు. లాగు చిరిగింది. టోపీ లోయలోకి దొర్లిపోయింది. సిపాయిలు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

"చెప్పొచ్చు గదరా!" అని దుబాసీ అరిచాడు.

"నోరు మూసుకోమన్నారు గదండి" అన్నాడు పోలయ్య.

చేసేది లేక లోవయ్యని మళ్ళీ ముందు పెట్టారు. పోలయ్య మళ్ళీ యెనక్కి పోయాడు. ఈసారి దొర పిస్తోలు తీసి లోవయ్య వీపుకి గురిపెట్టి కూర్చున్నాడు.

ఆఖరి మలుపు తిరిగారు. కింద ఊటగూడెం. పొయ్యిల్లోంచి పొగ లేస్తంది. ఒక పిల్ల నీళ్ళు మోస్తంది. ఒక ముసలిది జొన్నలు ఎండబోస్తంది. ఇక్కణ్ణుంచి ఒక్క కేక చాలు వాళ్ళకి.

కానీ ఇక్కణ్ణుంచి దారి బాగుంది. గూడెం ఆడోళ్ళు ఊడ్చిన దారి. అరచెయ్యిలాగ చదునుగా ఉంది. దొర చూసి నవ్వాడు, ఏదో అన్నాడు. దుబాసీ చెప్పాడు.

"ఇక్కడ ముల్లు లేదు, రాయి లేదు, గుంట లేదు. ఇంక నీకు కేకతో పని లేదు. నోరు తెరిచావా, కాలుస్తారు."

లోవయ్య దారి చూశాడు. నిజమే. ముల్లు లేదు, రాయి లేదు, గుంట లేదు. బోయీ కట్టుబాటు ప్రకారం కేకెయ్యకూడదు. దొర హుకుం ప్రకారం కేకెయ్యకూడదు. బతకాలన్నా కేకెయ్యకూడదు. జీలుగుపాడు చింతకొమ్మ కళ్ళ ముందు ఊగింది. రొమ్ము నిండా గాలి పీల్చాడు.

"గుంటా! గుంటా! గుంటా!"

యెనక పోలయ్య చూడలేదు, అడగలేదు. ఠపీమని కాలెత్తాడు. ఆడి పక్కోడూ ఎత్తాడు. చదును దారి మీద ఇద్దరూ ఇంతెత్తు కాళ్ళెత్తి, లేని గుంట దాటారు.

పిస్తోలు పేలింది. లోవయ్య పడ్డాడు. పల్లకీ దొరతో సహా బోర్లా పడింది. దొరని కిందనుంచి లాగేసరికి ఊటగూడెంలో ఎవరూ లేరు. ఆ ఏడుగుర్నీ ఆడోళ్ళే వీపున వేసుకుని కొండెక్కేశారు.

పోలయ్యోళ్ళు శవాన్ని పేటకి తెచ్చారు. అక్కడ తగువు మొదలైంది. లేని గుంటకి కేకేశాడు గదా, బోయీల బొంగు మీద మొయ్యొచ్చా? పెద్దోళ్ళు ఒక పక్క, కుర్రోళ్ళు ఒక పక్క. ఊడ్చిన దారంట, గుంటెక్కడిదని పెద్దోళ్ళు. ఆయన పోయింది దేనికో చూడండని కుర్రోళ్ళు. ఎండెక్కింది. తగువు తెగలేదు.

వరాలు లేచింది. "గుంటో మిట్టో తరవాత తేల్చుకోండి. ముందు మనిషిని లేపండి."

అప్పుడు పోలయ్య అన్నాడు, "ముప్పై ఏళ్ళు ఆయన మాట మీద కాలెత్తాను. ఇయ్యాలా ఎత్తాను. నేను కాలెత్తి దాటినాక అది గుంటే."

పెద్దోళ్ళు "సరే, గుంటే" అన్నారు. బొంగు మీదే మోశారు.

తెల్లోళ్ళు వెంటనే పోలేదు. చానా ఏళ్ళు పట్టింది. చానామంది పోయాక పోయారు.

ఆ చోటుని ఇప్పటికీ లోవయ్య గుంట అంటారు. అక్కడ గుంట లేదు, ఎప్పుడూ లేదు. అయినా కట్టెల మోపుతో వచ్చేది కాలెత్తి దాటుద్ది. కొత్త పెళ్ళికూతురు కాలెత్తి దాటుద్ది. పాడె మోసేవోళ్ళు "గుంటా" అని మూడుసార్లు కేకేసి, కాలెత్తి దాటతారు.

మొన్నీ మధ్య రోడ్డేసే ఇంజినీరు లారీడు కంకర తెచ్చుకుని వచ్చాడు. కాయితంలో లోవయ్య గుంట అనుందంట, పూడుస్తానని. అటూ ఇటూ చూశాడు. గుంట కనపళ్ళేదు.

"ఎక్కడమ్మా గుంట?" అని అటు పోతున్న ముసలమ్మని అడిగాడు.

"నీ కాళ్ళ ముందే బాబూ. కాలెత్తు."

ఆయన నవ్వాడు. గానీ ఎత్తాడు.